ఇద్దరికీ కలిపి నూట ముప్పై

పోయిన వారం కథ ఆగేటప్పటికి నేను పడవల షెడ్డు తలుపు బయట, చేతిలో భోజనం డబ్బాతో నిలబడి ఉన్నాను. లోపల మా ఆయనా, ఆయన పడవలో చుక్కాని పట్టే ఆవిడా ఒకే కాటా మీద నిలబడి ఉన్నారు. బస్తాలు తూచే పాత కాటా అది. ఇద్దరు మనుషులు పట్టాలంటే దగ్గర దగ్గరగా నిలబడక తప్పదు. ఆయన చెయ్యి ఆవిడ భుజం మీద ఉంది. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది. ఆయన నవ్వి, "నువ్వూ నేనూ కలిస్తే ఎప్పటికీ ఇంతేనే పిట్టా" అన్నారు.

మా పెళ్లయి నాలుగు నెలలు. అలాంటి మాట ఆయన నాతో ఇంకా అనలేదు.

నేను చప్పుడు కాకుండా ఇంటికొచ్చేశాను. డబ్బాలో ఉన్నదే రాత్రికి వేడిచేసి పెట్టాను. ఆయన రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. "ఏం వేశావే దీంట్లో, చెయ్యి కడుక్కోబుద్ధి కావట్లేదు" అన్నారు. ఇంకో రోజైతే ఆ మాటకి నా కాళ్లు నేల మీద ఉండేవి కావు. పెళ్లయ్యే దాకా నాకు వంట రాదు. ఒక్కో కూర నేర్చుకోవడం, అది ఆయన కంచంలో ఖాళీ అవడం చూడటం, నాకు ఈ నాలుగు నెలల్లో దొరికిన సంతోషాల్లో పెద్దది. చిన్నవి చాలా ఉన్నాయి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. ఒకే కొక్కేనికి రెండు తాళంచెవులు. సాయంత్రం ఆయన వచ్చేసరికి కనుబొమల మీద ఎండిపోయిన ఉప్పు, దాన్ని నేను వేలితో రాల్చడం.

నిన్న మాత్రం ఆ ఉప్పు రాల్చలేదు. ఆయన గమనించలేదు కూడా.

ఇవాళ గురువారం. ఎల్లుండి శనివారం పందెం. అందులో గెలిచిన జట్టే ప్రపంచ పోటీలకి వెళ్తుంది. మా ఆయనకి ఉద్యోగం అంటూ వేరే లేదు, పడవ పందేలే ఉద్యోగం. పదకొండేళ్లలో ఇరవై ఆరు పెద్ద పందేలు, రెండుసార్లు ప్రపంచంలో మూడో స్థానం. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. ఈసారి కాకపోతే మరోసారి ఉండదని ఆయనే అన్నారు. ఆ పదకొండేళ్లూ ఆ పడవలో ఆయనతో ఉన్నది ఆవిడే.

ఇక్కడ నా తెలివితక్కువ సంగతి ఒకటి చెప్పాలి. పెళ్లికి ముందు ఆయన "పందేల పడవ నడుపుతాను" అంటే చుక్కాని ఆయన చేతిలోనే ఉంటుందనుకున్నాను. స్కూల్లో తోటి టీచర్లందరికీ అలాగే చెప్పుకున్నాను. పెళ్లయ్యాక మొదటిసారి ఒడ్డున నిలబడి చూసినప్పుడు తెలిసింది, చుక్కాని పట్టేది ఆవిడ. మా ఆయన నడుముకి పట్టీ బిగించుకుని, తెరచాప స్తంభం పైనుంచి దిగే సన్నటి తీగకి దాన్ని తగిలించుకుని, పడవ అంచు మీద పాదాలు ఆనించి, ఒళ్లంతా నీళ్ల మీదికి వాల్చి వేలాడతారు. గాలికి పడవ ఒరిగిపోకుండా ఆయన బరువే కాపు. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం తప్పితే ఈయన నీళ్లలో ఉంటారు. పదకొండేళ్లుగా ఆ చెయ్యి తప్పలేదు.

ఇంట్లో నేను ఆయన్ని "ఏమండీ" అంటాను. ఆవిడ "ఒరే" అంటుంది. ఒరే అంటే పలికినంత తొందరగా ఏమండీ అంటే పలకరు.

స్కూల్లో సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం మూడింటికి షెడ్డుకి వెళ్లాను. కోచ్ గారితో మాట్లాడటానికి మా ఆయన ఆఫీసు గదికి వెళ్లి ఉంటారని నాకు తెలుసు. తెలిసే ఆ వేళకి వెళ్లాను. అడగవలసినది ఆవిడ ఒక్కదాన్నీ అడగాలి.

షెడ్డులో పడవని రెండు బల్లల మీద బోర్లించి పెట్టారు. ఆవిడ మోకాళ్ల మీద కూచుని, తడి చేసిన సన్నటి గరుకు కాగితంతో దాని అడుగుభాగం రుద్దుతోంది. ఇంత ఎండలోనూ ఒంటి మీద వదులుగా వేలాడే పెద్ద చొక్కా ఒకటి.

"రా వదినా. డబ్బా ఏది?" అంది, తలెత్తకుండానే.

"ఏ డబ్బా?"

"నిన్న తలుపు దాకా తెచ్చి తీసుకెళ్లిపోయావు చూడు, అది. నువ్వు వెళ్లినా వాసన వెళ్లలేదు. చాలాసేపు పీలుస్తూ కూచున్నా."

చూసిందన్నమాట. నాకు చెవులు వేడెక్కాయి.

"నన్ను వదిన అనకండి. మీరు నాకన్నా ఆరేళ్లు పెద్ద."

"వరసకి వయసుతో పనేంటి? వాడు నాకు అన్న లాంటివాడు. వాడి పెళ్లాం నాకు వదిన."

"అన్నని ఒరే అంటారా ఎవరైనా?"

"నీళ్లలో 'అన్నయ్య గారూ, తమరు కాస్త వెనక్కి వాలతారా' అని నేను అడిగేలోపు పడవ బోల్తా పడుతుంది వదినా."

నవ్వొచ్చింది. నవ్వు రావడం నాకు నచ్చలేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే నిలబడలేననిపించి, పక్కన నీళ్ల బకెట్లో ఉన్న కాగితం ముక్క ఒకటి తీసుకుని నేనూ పడవని రుద్దడం మొదలుపెట్టాను. కాసేపు ఇద్దరం అటొకరు ఇటొకరు రుద్దుకుంటూ పోయాం.

"నెమ్మదిగా వదినా" అంది ఆవిడ. "అది పడవ. నా మొహం కాదు."

"తేడా తెలుసు నాకు."

"నీ చెయ్యికి తెలిసినట్టు లేదు."

నేను కాగితం బకెట్లో పడేశాను. ఇంటి నుంచి దారి పొడవునా కూర్చుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నిన్న ఆ కాటా మీద ఏమిటది?" అన్నాను. అంతే వచ్చింది.

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరించలేదు.

"వాడు చెప్పలేదా? మొద్దు. అది మాకు పదకొండేళ్ల అలవాటు. పడవకి మా ఇద్దరి బరువూ కలిపి నూట ముప్పై కిలోలు ఉండాలి. దాటితే చిన్న గాలికి పడవ కదలదు. తగ్గితే పెద్ద గాలికి నిలవదు. మొదట్లో విడివిడిగా తూచుకునేవాళ్లం. రోజూ తగువే. నువ్వు తిన్నావంటే నువ్వు తిన్నావని. కోచ్ గారికి విసుగొచ్చి, మీ ఇద్దరి లెక్కలు నాకొద్దు, పడవకి తెలిసేది ఒకటే బరువు, రేపట్నుంచి ఇద్దరూ కలిసి ఎక్కండి, ముల్లు నూట ముప్పై మీద ఉంటే నోరు మూసుకుని పనికి పదండి అన్నారు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్న అదే."

"భుజం మీద చెయ్యి కూడా కోచ్ గారే వెయ్యమన్నారా?"

"చెయ్యి వెయ్యకపోతే ఒకళ్లు కింద పడతాం వదినా. ఆ కాటా నువ్వు ఎక్కి చూడు."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఒళ్లు ఇంకా మండింది. పదకొండేళ్లు. రోజూ పొద్దున్న. నాతో ఆయన నిద్ర లేచిన పొద్దులు వేళ్ల మీద కాకపోయినా ఒక క్యాలెండరు కాగితాల్లో సరిపోతాయి. ఆవిడ కాటా ఎక్కిన పొద్దులు ఎన్ని వేలో. ఆయన ఎడమ భుజం ఏ గాలికి నొప్పి పుడుతుందో, అబద్ధం చెప్పేటప్పుడు ఏ చెవి గోక్కుంటారో, నేను ఒక్కొక్కటే కనిపెట్టి మురిసిపోతూ ఉంటే, ఆవిడకి అవన్నీ ఎప్పుడో తెలిసిన పాత సంగతులు.

ఇంక ఆగలేకపోయాను.

"మా పెళ్లప్పుడు మీరిలా లేరు" అన్నాను. "ఫొటోల్లో చూశాను. బుగ్గలుండేవి. నాలుగు నెలల్లో ఇంత నాజూగ్గా తయారయ్యారు. ఎవరు చూడాలని?"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. లేచి నిలబడబోయి, తూలి, పడవ అంచు పట్టుకుంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఆ బీరువాలో మంచినీళ్ల సీసా ఉంది. కొంచెం ఇస్తావా" అంది.

నేను పరుగెత్తి గోడ దగ్గర ఇనప బీరువా తలుపు తెరిచాను. సీసా అందుకుంటూ ఉండగా, తలుపు లోపలి వైపు సుద్దతో రాసిన అంకెలు కనబడ్డాయి. పైన ఒక తేదీ. దాని కింద వరసగా పదిహేడు అంకెలు. మొదట యాభై ఆరు. మళ్లీ యాభై ఆరు. తరవాత యాభై అయిదున్నర, యాభై అయిదు. అలా దిగుతూ దిగుతూ అడుగున యాభై ఒకటి.

పైన ఉన్న తేదీ మా పెళ్లి రోజు.

నేను సీసా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మొదట నా బుర్రకి తట్టింది ఒకటే. మా పెళ్లి రోజు నుంచీ లెక్క పెట్టుకుని మరీ సన్నబడుతోంది ఈవిడ. నేను మొదటిసారి గుడ్డు ఉడికించడం నేర్చుకుంటున్న వారమే ఈవిడ సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

అయితే నేను అయిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. అంకెలు కనబడితే నా కళ్లు ఊరికే ఉండవు. ఇద్దరికీ కలిపి నూట ముప్పై. ముల్లు నిన్న పొద్దున్న కూడా నూట ముప్పై మీదే ఉంది, నేను చూశాను. మొత్తం మారకుండా ఒకటి తగ్గుతోందంటే, రెండోది పెరుగుతూ ఉండాలి. పిల్లలకి బల్ల మీద గోళీలు పెట్టి చెప్పే లెక్క ఇది. ఇవతల గుప్పిట్లోంచి తీస్తున్నామంటే అవతల గుప్పిట్లో పడుతున్నాయని.

నూట ముప్పైలోంచి యాభై ఒకటి తీసేస్తే డెబ్భై తొమ్మిది.

పెళ్లినాటికి మా ఆయన డెబ్భై నాలుగు. ఆయన ప్యాంట్లన్నీ నడుము దగ్గర బిగుసుకుపోయాయని, వాషింగ్ మిషనులో గుడ్డ కుంచించుకుపోతోందని ఆయన అంటే, నేనే గుండీలు విప్పి అవతలికి జరిపి కుట్టాను. పాట పాడుకుంటూ కుట్టాను. ఒకటి కాదు, మూడు ప్యాంట్లకి.

"ఆయన తిన్నది మీరు మానేశారు" అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి సీసా లాక్కుని తాగింది. "గట్టిగా అనకు. ఆఫీసు గదికి వినపడుతుంది."

"ఆయనకి తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? వాడు చూసేది ముల్లు. ముల్లు రోజూ నూట ముప్పై దగ్గరే ఉంటుంది. అంతా బాగుందనుకుని ఈల వేసుకుంటూ దిగుతాడు. వాడు తెరచాప తీసుకురావడానికి వెళ్లాక నేనొక్కదాన్నే మళ్లీ ఎక్కి చూసుకుంటా. వాడి నడుం పట్టీ కూడా రెండుసార్లు నేనే వదులు చేశా. వాడికి అదీ తెలీదు."

"కోచ్ గారికి?"

"మోకాలి ఆపరేషన్ అని రెండు నెలలు ఇంట్లోనే ఉన్నారుగా. సోమవారమేగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఈ చొక్కా వేసుకుంటున్నా."

నేను వెళ్లి కాటా మీదే కూలబడ్డాను. ముల్లు గిలగిల్లాడింది.

"చెప్పొచ్చు కదండీ ఆయనకి. తక్కువ తినరా అని ఒక్క మాట. మీరు ఒరే అంటే ఆయన వినంది ఎప్పుడు?"

"చెబుదామనే అనుకున్నా, మొదటి వారం." ఆవిడ నేల మీద చతికిలబడి వీపు పడవ బల్లకి ఆనించింది. "పదకొండేళ్లు వాడు డబ్బాలోంచి ఉడకబెట్టిన ఆకులు నిలబడి తినడం చూశా వదినా. తింటూ గడియారం చూసుకునేవాడు. నీతో పెళ్లయిన తరవాత సోమవారం వచ్చి, ముందు రోజు నువ్వు ఏం చేశావో, ఉప్పు మర్చిపోయి మళ్లీ ఎలా కలిపావో, అరగంట చెప్పాడు. తాడు కడుతూ చెప్పాడు, తాడు విప్పుతూ చెప్పాడు. వాడికి అంత మాట్లాడటం వచ్చని నాకు తెలీదు. ఆ రోజు ముల్లు అరకిలో ఎక్కువ చూపించింది. సరే, అరకిలోయే కదా, ఈ వారానికి నేను చూసుకుందాంలే అనుకున్నా. తరవాత వారం ఇంకో అరకిలో."

"అయిదు కిలోలు."

"నీ చెయ్యి మంచిది. నేనేం చెయ్యను?"

అప్పుడు నాకు జాలి కలగాలి. ఏ కథలోనైనా ఇక్కడ జాలే కలుగుతుంది. నాకు కలిగింది ఏమిటో దాచకుండా చెప్తాను. కుళ్లు. కాటా మీద చెయ్యి చూసినప్పటికన్నా ఎక్కువ కుళ్లు. నేను ఆయనకి వండి పెట్టాను. వండటం నాకు సరదా, పెట్టడం నాకు ఆనందం, అందులో నాకు పోయిందేమీ లేదు. ఆవిడ పదిహేడు వారాలు ఆకలితో పడుకుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను? నా మొగుడి కోసం నాకన్నా ఎక్కువ చేసిన మనిషి నా ఎదురుగా చతికిలబడి నీళ్లు తాగుతోంది, పైగా నన్ను వదిన అంటోంది.

"ఆయన అంటే మీకు ఇష్టమా?" అన్నాను.

ఆవిడ చేతి వెనక వైపుతో మూతి తుడుచుకుంది.

"నీ మొగుడు నాకు అక్కర్లేదు వదినా. వాడి గురకకి ఒకసారి హోటల్లో పక్క గదిలోంచి గోడ కొట్టా నేను. నాకు ఈ పడవ కావాలి. ముప్పై ఏళ్లొచ్చాయి, ఇది తప్ప నాకు ఏదీ రాదు." సీసా మూత బిగించింది, విప్పింది, మళ్లీ బిగించింది. "కానీ కుళ్లు నీకొక్కదానికే అనుకోకు. ఇన్నేళ్లు వాడు తీగ మీద వేలాడుతూ రెండే చూసేవాడు, తెరచాపా నా మొహమూ. ఏ గాలి వస్తోందో నా మొహం చూసి చెప్పేవాడు. ఇప్పుడు మూడోది చూస్తాడు. ఒడ్డు. నువ్వు నీలం గొడుగేసుకుని నిలబడతావే, దాన్ని. పోయిన పందెంలో ఆఖరి మలుపు దగ్గర వాడు గొడుగు వెతుక్కుంటూ ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. రెండో స్థానం పోయింది. వాడికి చెప్పలేదు. ఆ గొడుగుని చింపి పోగులు పెట్టాలన్నంత కోపమొచ్చింది."

ఆ నీలం గొడుగు నీళ్లలోంచి కూడా కనబడేలా ఉందని ఆయనే కొని తెచ్చారు. అక్కడి నుంచి ఆయన నన్ను వెతుకుతారని నాకు ఇప్పటి దాకా తెలీదు. అంత బాధలోనూ, సిగ్గు లేకుండా, నా లోపల ఏదో గంతులేసింది. అది ఆవిడ కంటబడకుండా తల దించుకున్నాను.

"ఇదంతా శనివారం దాకానే" అంది ఆవిడ. "చిన్న గాలి ఉంటుందంటున్నారు. నూట ముప్పై దాటకూడదు. పందెం అవ్వగానే మీ ఇంటికొచ్చి నువ్వు ఏది పెడితే అది తింటా. అప్పటిదాకా నోరు విప్పకు వదినా. చేతులు పట్టుకుంటా కావాలంటే."

నేను జవాబు చెప్పేలోగా బయట కోచ్ గారి చేతికర్ర టకటక వినబడింది. వెనకే మా ఆయన ఈల.

మా ఆయన నన్ను చూడగానే మొహమంతా నవ్వు చేసుకుని, "నువ్వేంటే ఇక్కడ, స్కూలు లేదా?" అన్నారు. ఇవాళ నేను ఆ నవ్వుని చూసిన చూపు వేరు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. అవి నా చేతి పని. ఇన్నాళ్లూ అద్దంలో ఆయన వెనక నిలబడి వాటిని చూసి మురిసిపోయాను.

కోచ్ గారి చేతిలో ఒక కాగితం ఉంది. శనివారం పందేనికి పేర్ల కాగితం. అయిదింటిలోపు కమిటీకి ఇవ్వాలి, తరవాత మార్చడం కుదరదు. మా ఆయన పేరూ, ఆయన పిట్ట అని పిలిచే ఆవిడ పేరూ రాసి ఉన్నాయి. కింద కోచ్ గారి సంతకం ఒక్కటే బాకీ. ఆయన సంతకం పెట్టకుండా పిట్ట వైపు తిరిగారు.

"నిన్న నీళ్లలో తేలే ఆ గుర్తు దగ్గర మలుపు తిప్పేటప్పుడు తూలావు. నేను ఒడ్డు నుంచి చూశాను. ఎందుకు?"

"ఎండ కోచ్ గారూ."

"పదకొండేళ్లలో నీకు ఎండ తగల్లేదు. తిండి సరిగ్గా తింటున్నావా?"

"గుర్రంలా తింటున్నా."

"ఏరా, తింటోందా?" అని మా ఆయన్ని అడిగారు.

"దానికేంటండీ, ఇవాళ పొద్దున్న కూడా చూసుకున్నాం, నూట ముప్పై. గీత కూడా అటూ ఇటూ లేదు" అన్నారు మా ఆయన ధీమాగా.

కోచ్ గారు నమ్మలేదు. ఆయన చూపు పిట్ట పెదవుల మీద ఆగి, అక్కడి నుంచి నా మీదికి వచ్చింది. "అమ్మాయ్, ఇందాకట్నుంచి నువ్వు దీంతోనే ఉన్నావుగా. బాగానే ఉందా?"

అందరూ నా వైపు చూశారు. ఆవిడ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. 'బాగాలేదు' అని ఒక్క మాట అంటే చాలు, ఆవిడ పడవ దిగిపోతుంది. రోజూ పొద్దున్న ఆ కాటా మీద నిలబడటం ఆగిపోతుంది. నిన్న రాత్రి డబ్బాలోది వేడిచేస్తూ నేను కోరుకున్నది సరిగ్గా అదే. 'బాగానే ఉంది' అంటే ఆయన పందెం నిలుస్తుంది, ఆవిడ నీళ్ల మధ్యలో కళ్లు తిరిగి పడిపోయినా పడిపోవచ్చు.

నేను రెండూ అనలేదు.

"ఏమండీ, మీరొక్కరే ఒకసారి ఆ కాటా ఎక్కండి" అన్నాను.

న్యాయం కోసం అన్నానని చెప్పుకోవాలని ఉంది. నిజం అది కాదు. ఈ సంగతి ఎప్పుడో ఒకనాడు ఆయనకి తెలుస్తుంది. పందెం గెలిచాక, ఆ ఆనందంలో, ఆవిడ నోటి నుంచి తెలిస్తే ఆవిడ ఆయన కళ్లలో ఎంత ఎత్తుకి వెళ్లిపోతుందో నేను తట్టుకోలేను. దానికన్నా ఇప్పుడే, నా నోటి నుంచి తెలియడం మేలనిపించింది.

"నేనొక్కణ్ణే ఎందుకు?" అన్నారు ఆయన. "అదేం ఆట?"

"ఎక్కరా" అన్నారు కోచ్ గారు.

ఎక్కారు. ముల్లు లేచి, ఊగి, డెబ్భై తొమ్మిది దగ్గర ఆగింది.

"ముల్లు పాడైంది" అన్నారు మా ఆయన. దిగి మళ్లీ ఎక్కారు. డెబ్భై తొమ్మిది. బూట్లు విప్పి ఎక్కారు. కోచ్ గారు చేతికర్రతో పిట్టకి కాటా చూపించారు. ఆవిడ కదల్లేదు. కదలక్కర్లేకపోయింది కూడా. మా ఆయన పెదవులు లెక్క కడుతున్నాయి. నేను ఇందాక కట్టిన లెక్కే. ఆయనకి నాకన్నా ఎక్కువసేపు పట్టింది.

ఆయన కాటా దిగి ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆ పెద్ద చొక్కా చెయ్యి మోచేతి దాకా పైకి తోశారు. ఆ మణికట్టు చూశారు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

"నీ పెళ్లి విందు అరిగినప్పటి నుంచి" అంది ఆవిడ నవ్వించబోతూ.

ఆయన నవ్వలేదు. ఆ 'ఎన్నాళ్ల నుంచి' అన్నప్పటి ఆయన గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఆ గొంతులో నాతో మాట్లాడే అవసరం ఆయనకి ఇంకా రాలేదు.

ఆయన వచ్చి కోచ్ గారి జేబులోంచి కలం తీసుకుని, కాగితం పడవ అడుగు మీద పరిచి, తన పేరు మీద ఒక గీత గీశారు.

"తీగ మీద కొంగని వెయ్యండి" అన్నారు. కొంగ అంటే రెండో జట్టులో తీగకి వేలాడే సన్నటి పొడుగాయన. రెండేళ్లుగా మా ఆయన స్థానం మీద కన్నేసి ఉన్నాడని ఆయనే నాతో చెప్పి పళ్లు కొరికేవారు. "వాడు అరవై తొమ్మిది కిలోలు. ఇది పది కిలోలు తిన్నా పడవకి పట్టింపు లేదు. తిననివ్వండి దీన్ని."

"పదకొండేళ్లు రా" అన్నారు కోచ్ గారు. "ఇదే ఆఖరిసారి అన్నావు."

"అవునండీ."

నేను పెళ్లయ్యాక ఆయన్ని ఏదీ వదులుకోమని అడగలేదు. అడిగితే వదిలేవారో లేదో తెలీదు. ఆవిడ అడక్కుండానే, నిలబడ్డ చోట నిలబడి, తన జన్మంతా ఒక్క గీతతో ఆవిడ కోసం కొట్టేశారు. దానికి దారి తీసింది నేను.

పిట్ట ఆ కలం ఆయన చేతిలోంచి లాక్కుంది. "నీ జాలి ఎవడిక్కావాలిరా?" అని, తన పేరు మీద ఇంకా గట్టిగా గీత గీసింది. కాగితం చిరిగింది. "నువ్వు లేని పడవలో నేను చుక్కాని పట్టను. వెళ్లు. ఇంటికెళ్లి తిను."

ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి నిలబడ్డారు. గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

కోచ్ గారు ఆ కాగితం తీసుకుని కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"రెండో జట్టు నుంచి ఎవరో ఒకరిని తెచ్చుకోవచ్చు నేను" అన్నారు నెమ్మదిగా. "పిట్ట ఉంటే దానికి కొంగని కలుపుతాను. నీ మొగుడు ఉంటే వాడికి ఆ జట్టులో చుక్కాని పట్టే ఆవిడని కలుపుతాను. ఆవిడ నలభై తొమ్మిది కిలోలు, లెక్క సరిపోతుంది. ఎలా చూసినా ఈ ఇద్దరిలో ఒక్కరైనా ఉండాలి, లేకపోతే మనకి పందేమే లేదు. వీళ్లు ఇప్పుడు నా మాట వినరు, ఒకరి మాట ఒకరు అసలే వినరు. ఇద్దరికీ అడ్డు చెప్పడానికి వీల్లేని మనిషివి నువ్వొక్కదానివే ఉన్నావు ఇక్కడ. కమిటీ గదికి నడిచి వెళ్లడానికి నా కాలితో పావుగంట పడుతుంది."

ఆయన కాగితం నా ముందు పెట్టి, పిట్ట చేతిలోంచి కలం తీసి నాకు ఇచ్చారు.

"నువ్వే చెప్పమ్మా. ఎవరి పేరు మళ్లీ రాస్తావు?"

మా ఆయన గోడ వైపు నుంచి తిరిగి నన్ను చూశారు. ఆవిడ తిరగలేదు. ఆ పెద్ద చొక్కా లోపల ఆవిడ భుజాలు ఎంత చిన్నవో వెనక నుంచి చూస్తే మొదటిసారి తెలిసింది. నేను కలం కాగితానికి ఆనించాను.